దేశం మారుతున్నప్పుడు కారు ఓడెక్కించాలా, అమ్మేయాలా? ఇలా తేల్చుకోండి

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే చాలు, ఇవే ప్రశ్నలు. "లండన్ నుంచి హైదరాబాద్ వచ్చేస్తున్నాం, కారు తెచ్చుకోవచ్చా?" "డాలస్‌లో కొన్న బండికి రెండేళ్లే, అమ్మబుద్ధి కావట్లేదు." "విజయవాడలో ఉన్న కారు మెల్‌బోర్న్‌కి పంపితే ఎంతవుతుంది?" ఎవరు అడిగినా ముందు చేసే పని ఒకటే: షిప్పింగ్ కంపెనీకి ఫోన్ చేసి కొటేషన్ తీసుకోవడం. ఈ లెక్కలో ఓడ కిరాయి చాలాసార్లు చిన్న అంకె. ఆ దేశం మీ కారును రానిస్తుందా అన్నది మొదట చూడాలి. రానిస్తే సుంకం ఎంత, అదే తరగతి కారు అక్కడ కొంటే ఎంత అన్నవి ఆ తర్వాత. ఓడ సంగతి చివర. చాలామందికి మొదటి రెండు అడుగుల్లోనే జవాబు దొరికిపోతుంది, ఫోన్ చేసే అవసరమే రాదు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- కారు రిజిస్ట్రేషన్ లేదా యాజమాన్య పత్రం: ఇండియాలో ఆర్సీ, అమెరికాలో టైటిల్, బ్రిటన్‌లో వీ5సీ లాగ్‌బుక్.
- కారు తయారైన నెల, సంవత్సరం. రిజిస్ట్రేషన్ తేదీ కాదు, మోడల్ సంవత్సరమూ కాదు. అమెరికా కార్లలో డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద అతికించిన స్టిక్కర్‌లో ఉంటుంది. స్టిక్కర్‌లో లేకపోతే కంపెనీ నుంచి లెటర్ తెప్పించుకోండి. వీఐఎన్ (కారు గుర్తింపు) నంబరులో పదో అక్షరం చూసి సంవత్సరం చెప్పేస్తుంటారు, అది మోడల్ సంవత్సరం. 2024 మోడల్ 2023 మధ్యలోనే ఫ్యాక్టరీ దాటి ఉండొచ్చు.
- కొన్న ఇన్‌వాయిస్, లోన్ ఉంటే మిగిలిన బాకీ చూపే లెటర్.
- పాస్‌పోర్ట్, ఆ దేశంలో ఎన్నాళ్లుగా ఉంటున్నారో చూపే కాగితాలు.
- ఇంజిన్ సీసీ, కారు పొడవు, వెడల్పు, ఎత్తు. పైన రాక్ బిగించి ఉంటే దాంతో కలిపి టేపుతో కొలవండి.

1. స్టీరింగ్ ఎటువైపు ఉందో చూడండి

ఇండియాకి తెచ్చే వాడిన కారుకి స్టీరింగ్ కుడివైపే ఉండాలి. అమెరికా, కెనడా, యూఏఈ, సౌదీ, ఖతార్, కువైట్, జర్మనీ, ఫ్రాన్స్‌లలో మామూలుగా అమ్మే కార్లు ఎడమ స్టీరింగ్‌వి. ఇండియాకి వస్తూ, మీ కారు వాటిలో ఒకటైతే ఇక్కడే ఆగండి. నేరుగా ఆరో అడుగుకి, అమ్మకం భాగానికి వెళ్లండి.

"మార్పిస్తే సరిపోదా?" అంటారు. స్టీరింగ్ చక్రం ఒక్కటే అటు జరగదు. డ్యాష్‌బోర్డ్, స్టీరింగ్ ర్యాక్, పెడళ్లు, ఎయిర్‌బ్యాగ్ వైరింగ్, వైపర్లు, హెడ్‌ల్యాంపులు అన్నీ మారాలి. కంపెనీ వారంటీ పోతుంది, ఎయిర్‌బ్యాగ్ సరిగ్గా తెరుచుకుంటుందన్న భరోసా ఉండదు. ఎవరైనా ఏజెంట్ ఇది చిన్న పని అంటే ఆ ఏజెంట్‌నే మార్చండి.

ఇటునుంచి అటూ ఇదే కథ. ఇండియా కారుని యూఏఈకో సౌదీకో తీసుకెళ్లాలనుకుంటే, కుడి స్టీరింగ్ బండికి అక్కడ రిజిస్ట్రేషన్ దొరకదు.

బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సింగపూర్, మలేసియా, దక్షిణాఫ్రికా, కెన్యా, టాంజానియాల్లో ఉన్నవాళ్లు మాత్రం రెండో అడుగుకి రండి.

2. ఇండియాకి తెస్తుంటే ఈ షరతులు ఒక్కొక్కటే టిక్కు పెట్టండి

వాడిన కార్ల దిగుమతికి విదేశీ వాణిజ్య విధానంలో రాసిన షరతులివి. ఒక్కటి తప్పినా రేవులో బండి ఆగుతుంది.

- తయారైన తేదీ నుంచి 3 ఏళ్లు దాటకూడదు. ఓడెక్కే రోజుకి కాదు, ముంబైలో దిగే రోజుకి లెక్క వేసుకోండి. ఎర్ర సముద్రం దారి వదిలి ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరుగుతుంటే ఐరోపా నుంచి ప్రయాణం మరో పది, పద్నాలుగు రోజులు పెరుగుతుంది. కనీసం మూడు నెలలు చేతిలో ఉంచుకోండి.
- స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉండాలి. బ్రిటన్ కార్లలో పెద్ద అంకెలు మైళ్లలో ఉంటాయి. డిజిటల్ తెర అయితే సెట్టింగ్స్‌లో మారుతుందేమో చూడండి.
- హెడ్‌ల్యాంపు వెలుగు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కి తగ్గట్టు పడాలి.
- బండి కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989కి సరిపోతుందని ఓడెక్కే ముందు గుర్తింపు ఉన్న పరీక్షా సంస్థ సర్టిఫికెట్ ఇవ్వాలి.
- ఇక్కడికి వచ్చాక మళ్లీ పరీక్ష. పుణెలోని ఏఆర్‌ఏఐ, అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్)లోని వీఆర్‌డీఈ లాంటి పరీక్షా సంస్థల్లో చేస్తారు.
- దిగుమతి నాటి నుంచి కనీసం 5 ఏళ్లు రోడ్డు మీద నడవగల స్థితిలో ఉండాలి, ఆ 5 ఏళ్లూ ఇక్కడ సర్వీసు దొరుకుతుందన్న హామీ చూపాలి. ఇండియాలో ఆ మోడల్ అమ్మని కంపెనీ కారైతే ఇక్కడే చిక్కుపడతారు.
- వాడిన కార్లు దించడానికి ముంబై కస్టమ్స్ రేవు ఒక్కటే దారి. విశాఖ, కృష్ణపట్నం, చెన్నై రేవుల్లో దించుకుందామని ప్లాన్ వేసుకోకండి. ముంబై నుంచి హైదరాబాద్‌కి ట్రైలర్ ఖర్చు కూడా మీ లెక్కలో రాయండి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాట్లు మూడు.

ఒకటి, "షోరూమ్‌లో కొని నెలే అయింది, కొత్తదే కదా" అనుకోవడం. దిగుమతికి ముందు అమ్ముడైనా, ఏ దేశంలోనైనా రిజిస్టర్ అయినా అది కొత్త కారు కాదు. ఒక్కరోజు నడిపినా సెకండ్ హ్యాండే.

రెండు, ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ మీద పెట్టుకునే ఆశ. రెండేళ్లు విదేశంలో ఉండి తిరిగొచ్చేవాళ్లు ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషీన్ తెచ్చుకునే రాయితీ కారుకి వర్తించదు. మోటారు వాహనం బ్యాగేజీ కిందకి రాదు. వరసగా రెండేళ్లు బయట ఉండి శాశ్వతంగా వచ్చేసేవాళ్లకి, కనీసం ఏడాది తమ ఆధీనంలో ఉన్న కారు విషయంలో విధానంలో కొంత సడలింపు ఉంది. అది అనుమతుల్లోనే, పన్నులో కాదు. మీ కారుకి ఏ షరతు సడలుతుందో ముంబైలోని కస్టమ్స్ బ్రోకర్‌తో రాతపూర్వకంగా చెప్పించుకున్నాకే ముందుకెళ్లండి.

మూడు, అడ్డదారులు. కార్నె అనే తాత్కాలిక దిగుమతి పత్రం మీద ఆరు నెలలకి కారు తెచ్చుకుని "తర్వాత చూద్దాం" అనేవాళ్లున్నారు. కార్నె పర్యటన కోసం, గడువులోగా బండి దేశం దాటాలి, లేకపోతే మీరు పెట్టిన పూచీ నుంచి సుంకం వసూలవుతుంది. పొరుగు దేశాల మీదుగా వచ్చిన బండ్ల సంగతి ఇంకా ఘోరం. 2025 సెప్టెంబర్‌లో కేరళలో కస్టమ్స్ వాళ్లు ఆపరేషన్ నుమ్ఖోర్ పేరుతో భూటాన్ మీదుగా వచ్చాయన్న లగ్జరీ కార్లను పట్టుకున్నప్పుడు, డబ్బిచ్చి కొన్నవాళ్ల ఇళ్ల ముందు నుంచే బండ్లు వెళ్లిపోయాయి.

3. సుంకం లెక్క వేయండి, కాగితం మీద

ఇండియాకి తెచ్చే వాడిన పెట్రోల్ లేదా డీజిల్ కారు లెక్క ఇది. 2025 బడ్జెట్‌లో బేసిక్ కస్టమ్స్ సుంకం 125 నుంచి 70 శాతానికి దిగిందని పేపర్లో చదివి ఆశపడ్డవాళ్లు చాలామంది. అదే బడ్జెట్‌లో వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు 67.5 శాతం వేశారు. రెండూ కలిపితే 137.5. అంతకుముందు 125 సుంకానికి 12.5 సర్‌ఛార్జి చేరి ఎంతో, ఇప్పుడూ అంతే.

దానిమీద ఐజీఎస్‌టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్‌టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్లకి 40 శాతం. పొడవు 4 మీటర్ల లోపు ఉండి, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటని చిన్న కార్లకి 18 శాతం. విద్యుత్ కార్లకి 5 శాతం.

కారు విలువ మీరు చెప్పినంత కాదు, అమ్మితే వచ్చేదీ కాదు. తయారైన ఏడాది కంపెనీ లిస్టు ధర నుంచి తరుగు తీసేస్తారు: మొదటి ఏడాది ప్రతి మూడు నెలలకి 4 శాతం, రెండో ఏడాది 3 శాతం, మూడో ఏడాది 2.5 శాతం. దానికి ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలుపుతారు.

ఉదాహరణకి బ్రిటన్‌లో లిస్టు ధర 30,000 పౌండ్లున్న పెద్ద కారు, వయసు రెండున్నరేళ్లు అనుకుందాం.

- తరుగు: 16 + 12 + 5 = 33 శాతం. మిగిలేది 20,100.
- కిరాయి, ఇన్సూరెన్స్ 1,900 అనుకుంటే విలువ 22,000.
- సుంకం, సెస్సు 137.5 శాతం: 30,250.
- ఇప్పటిదాకా 52,250. దీనిమీద ఐజీఎస్‌టీ 40 శాతం: 20,900.
- మొత్తం పన్ను 51,150 పౌండ్లు.

అంటే 22,000 విలువ కట్టిన కారుకి పన్నే 232.5 శాతం. చిన్న కారైనా 180.25 శాతం దగ్గర ఆగుతుంది. టెస్టులు, ముంబై రేవు ఖర్చులు, ట్రైలర్, ఆర్టీఏ లైఫ్ ట్యాక్స్ ఇందులో లేవు.

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఒక చిట్కా: మొత్తం విలువని 2.375తో గుణించి, వచ్చినదాన్ని 1.40తో (చిన్న కారుకి 1.18తో) గుణించండి. వచ్చేది పన్నుతో కలిపిన ధర. ఐజీఎస్‌టీని కారు విలువ మీద మాత్రమే వేసుకుని తక్కువ చూసుకోవడం ఎక్కువమంది చేసే తప్పు, అది సుంకం కలిపిన మొత్తం మీద పడుతుంది. బ్రిటన్‌తో 2025 జూలైలో కుదిరిన వాణిజ్య ఒప్పందం కోటాలు పెట్టుకున్న వ్యవహారం, మీ పాత కారుకి అది వర్తిస్తుందనుకుని లెక్క తగ్గించుకోకండి.

మా మాట సూటిగా చెప్పాలంటే, ఇండియాకి కారు తేవడం డబ్బు లెక్కలో దాదాపు ఎప్పుడూ నిలబడదు. తాతగారి కారో, దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా మార్పించిన బండో అయితే వేరే సంగతి, అప్పుడు కూడా వర్తించే నిబంధన ఏదో బ్రోకర్‌తో విడిగా చూడాలి.

4. వేరే దేశాల మధ్య అయితే

*ఇండియా నుంచి అమెరికా.* ఇండియా మార్కెట్ కారు అక్కడి భద్రతా ప్రమాణాలకి తయారైంది కాదు. ఆ ప్రమాణాల నుంచి మినహాయింపు 25 ఏళ్లు నిండిన కార్లకి, కాలుష్య నిబంధనల నుంచి 21 ఏళ్లు నిండినవాటికి. పాత జీపు మీద ప్రేమ ఉన్నవాళ్లకి తప్ప ఈ దారి లేదు.

*ఇండియా నుంచి బ్రిటన్.* కనీసం 12 నెలలు బ్రిటన్ బయట నివసించి, 6 నెలలుగా కారు మీ దగ్గర ఉండి వాడుతుంటే ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ కింద 10 శాతం సుంకం, 20 శాతం వ్యాట్ రెండూ మినహాయింపు పొందొచ్చు. బండి పంపకముందే దరఖాస్తు చేయండి. తర్వాత 12 నెలలు అమ్మకూడదు. బండి చేరిన 14 రోజుల్లో అక్కడి పన్ను శాఖకి నోవా నోటిఫికేషన్ (బండి వచ్చిందన్న సమాచారం) ఇవ్వాలి. పదేళ్ల లోపు కారుకి ఐవీఏ అనే ఆమోద పరీక్ష ఉంటుంది: స్పీడోమీటర్‌లో మైళ్లు, వెనక ఫాగ్ ల్యాంపు చూస్తారు. పాత డీజిల్ కారైతే లండన్ యూలెజ్ (కాలుష్య రుసుము) కూడా గుర్తుంచుకోండి, యూరో 6 అందుకోని డీజిల్‌కి రోజుకి 12.50 పౌండ్లు. పన్ను మినహాయింపు దొరికినా, అక్కడ సెకండ్ హ్యాండ్ కార్లు చవక కాబట్టి ఐదో అడుగులోని లెక్కలో తీసుకెళ్లడం చాలాసార్లు లాభించదు.

*ఆస్ట్రేలియా.* దిగుమతి అనుమతి చేతికొచ్చాకే ఓడెక్కించాలి. ముందు పంపి తర్వాత దరఖాస్తు చేస్తే బండి రేవులోనే ఆగుతుంది, తిరిగి పంపే ఖర్చూ మీదే. వ్యక్తిగత దిగుమతికి కనీసం 12 నెలలు విదేశంలో మీ సొంతమై, మీరు వాడి ఉండాలి. సుంకం 5 శాతం, జీఎస్‌టీ 10 శాతం. ఆస్బెస్టాస్ మీద పూర్తి నిషేధం, పాత బండ్ల బ్రేక్ ప్యాడ్లు, గ్యాస్కెట్లలో అది ఉండొచ్చు. మట్టి విషయం తొమ్మిదో అడుగులో చెబుతాం. అమెరికా నుంచి వెళ్తుంటే సెప్టెంబర్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ఓడెక్కే కార్లకి స్టింక్ బగ్ పురుగు కోసం ప్రత్యేక శుద్ధి కూడా చేయించాలి.

*సింగపూర్.* అక్కడికి తీసుకెళ్లే ఆలోచన వద్దు, సీఓఈ అనే కారు ఉంచుకునే హక్కుపత్రం ఒక్కటే కారు ధరకి దీటుగా ఉంటుంది. అక్కడి నుంచి వచ్చేస్తుంటే డీరిజిస్టర్ చేసినప్పుడు వచ్చే రిబేటు మర్చిపోకండి.

*అమెరికా నుంచి కెనడా.* హెచ్‌1బీ నుంచి కెనడా పీఆర్‌కి మారే మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఇది. తీసుకెళ్లడం నిజంగా లాభించే దారి కూడా ఇదే. వరస ఇలా: ట్రాన్స్‌పోర్ట్ కెనడా జాబితాలో మీ మోడల్‌కి అనుమతి ఉందో చూడండి. రీకాల్ (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచి చేసే) మరమ్మతు ఏదీ బాకీ లేదన్న లెటర్ కంపెనీ నుంచి తీసుకోండి. అమెరికా వైపు ఏఈఎస్ అనే ప్రభుత్వ వ్యవస్థలో ఎగుమతి నమోదు చేసి, అందులో వచ్చే ఐటీఎన్ నంబరు, అసలు టైటిల్ సరిహద్దు కార్యాలయానికి 72 గంటల ముందు అందేలా చూడండి. సరిహద్దు దాటేటప్పుడు రెండు వైపులా ఆగాలి. అమెరికా ఎగుమతి కౌంటర్ సాయంత్రాలు, వారాంతాలు మూసి ఉండొచ్చు, ముందే ఫోన్ చేయండి. దాటిన 45 రోజుల్లో ఆర్‌ఐవీ (కెనడా దిగుమతి వాహనాల రిజిస్ట్రార్) తనిఖీ పూర్తవ్వాలి. పగటిపూట వెలిగే లైట్లు లేని కార్లకి అవి పెట్టించమంటారు. కొత్తగా స్థిరపడేవాళ్లకి ఉండే సుంకం మినహాయింపు మీకు వర్తిస్తుందని ముందే అడిగి తేల్చుకోండి, 2025లో రెండు దేశాలూ ఒకరి కార్ల మీద మరొకరు అదనపు సుంకాలు వేసుకున్నాయి.

5. రెండు నిలువు గీతల లెక్క

ఒక కాగితం మీద రెండు వరసలు రాయండి.

తీసుకెళ్తే: ఇప్పుడు ఇక్కడ అమ్మితే చేతికొచ్చే డబ్బు + కిరాయి + ఇన్సూరెన్స్ + సుంకం, పన్ను + రేవు ఖర్చులు + మార్పులు, టెస్టులు + రిజిస్ట్రేషన్ + కారు వచ్చేదాకా అద్దె బండి.

అమ్మేస్తే: అక్కడ అదే వయసు, అదే తరగతి కారు కొనే ధర.

మొదటి పద్దుని దాదాపు అందరూ వదిలేస్తారు. "కారు ఎలాగూ నాదేగా" అనుకుంటారు. కానీ అమ్మితే వచ్చే డబ్బుని మీరు వదులుకుంటున్నారు, అది ఖర్చే. మొదటి వరస రెండోదానికన్నా కనీసం నాలుగో వంతు తక్కువ ఉంటే తప్ప తీసుకెళ్లొద్దు. చిన్న తేడా అయితే రేవులో ఒక్క వారం ఆలస్యం దాన్ని మింగేస్తుంది.

విద్యుత్ కారైతే ఛార్జింగ్ ప్లగ్గు చూడండి. ఇండియాలో ఫాస్ట్ ఛార్జింగ్‌కి ఎక్కువగా ఉన్నది సీసీఎస్2.

6. అమ్మేయాలని తేలితే

టికెట్ బుక్ చేసిన రోజే అమ్మకం మొదలుపెట్టండి, చివరి వారంలో అమ్మితే కొనేవాడి చేతిలో మీరుంటారు.

ఇండియాలో ఫారం 29, 30 సంతకం చేసి ఇచ్చేసి విమానం ఎక్కితే పని అయిపోయినట్టు కాదు. ఆర్టీఏ రికార్డులో పేరు మారేదాకా ప్రమాదం జరిగితే బాధ్యత రికార్డులో ఉన్న ఓనర్‌దేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీతో ఫారం 35. ఫాస్టాగ్ మూయించండి. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ లెటర్ తీసుకోండి, మూడేళ్లలోపు తిరిగొచ్చి కొత్త కారు కొంటే పనికొస్తుంది. పరివాహన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి పేరు మారిందో లేదో నెల తర్వాత చూడండి.

కారు నాన్నగారి దగ్గర వదిలి వెళ్తుంటే పాలసీ మాత్రం మురగనివ్వకండి, 90 రోజులు దాటితే బోనస్ పోతుంది.

అమెరికాలో టైటిల్ సంతకం చేసిన రోజే రాష్ట్ర మోటారు వాహనాల శాఖకి అమ్మకం సమాచారం పెట్టండి. యూఏఈలో లోన్, జరిమానాలు తీరకుండా బదిలీ కాదు, బాకీతో విమానాశ్రయానికి వెళ్తే ప్రయాణ నిషేధం ఎదురవ్వొచ్చు.

మిగతా అడుగులు పంపాలని తేలినవాళ్లకే.

7. పేర్లు, కాగితాలు సరిచూడండి

మనవాళ్ల బండ్లు రేవులో ఆగే కారణాల్లో ఇంటిపేరుది పెద్ద వాటా. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆర్సీలో పొడి అక్షరం, అమెరికా టైటిల్‌లో అసలు పేరూ ఇంటిపేరూ తారుమారు. బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు), టైటిల్, పాస్‌పోర్ట్ మూడింటిలో అక్షరం తేడా లేకుండా ఉండాలి. బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్ట్ అడిగి తెప్పించుకుని, పేరుతోపాటు 17 అక్షరాల వీఐఎన్‌ని కారు అద్దం కింద ఉన్న పలకతో పోల్చండి. ఓడ కదిలాక దిద్దించడానికి డబ్బూ రోజులూ పడతాయి. కారు భార్యాభర్తల ఇద్దరి పేర్న ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి. లోన్ మిగిలి ఉంటే ఎగుమతికి బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా కదలదు. లీజు కారు ఎలాగూ మీది కాదు.

8. రోరో, కంటైనర్: ఏది?

రోరో అంటే కారుని ఓడలోకి నడిపి ఎక్కించి, నడిపి దించడం. చవక. బండి స్టార్టవ్వాలి, బ్రేకు పట్టాలి, లోపల సామాను ఉండకూడదు. తాళంచెవి ఇతరుల చేతికి వెళ్తుంది.

కంటైనర్ ఖరీదు గానీ తాళం వేసి ఉంటుంది. 20 అడుగుల కంటైనర్ లోపలి పొడవు సుమారు 5.9 మీటర్లు, తలుపు వెడల్పు 2.34, ఎత్తు 2.28 మీటర్లు. అద్దాలు మడిచి కొలిచిన వెడల్పు చూసుకోండి, లోపలికెళ్లాక డ్రైవర్ దిగడానికి తలుపు తెరిచే చోటు కూడా కావాలి. షేర్డ్ కంటైనర్ చవకే, కానీ పక్క కారు కాగితాలు తప్పితే మీ కారూ ఆగుతుంది.

కొటేషన్ అడిగేటప్పుడు "రేవు నుంచి రేవు దాకానా, ఇంటి దాకానా? చేరే రేవులో టెర్మినల్ ఛార్జీలు, డెలివరీ ఆర్డర్ ఫీజు ఇందులో ఉన్నాయా? ఉచితంగా ఎన్ని రోజులు ఉంచుతారు?" అని మెయిల్‌లో అడిగి మెయిల్‌లోనే జవాబు తీసుకోండి. ఉచిత రోజులు దాటితే డెమరేజ్, కంటైనర్ తిరిగివ్వడం ఆలస్యమైతే డిటెన్షన్. రెండూ రోజురోజుకీ పెరుగుతాయి.

ఇన్సూరెన్స్ ఎగ్గొట్టకండి. మొత్తం నష్టానికే ఇచ్చే పాలసీలో గీత పడ్డా అద్దం పగిలినా ఏమీ రాదు, ఆల్ రిస్క్ అడగండి. ఇంకోటి, జనరల్ యావరేజ్: ఓడ ప్రమాదంలో పడితే కాపాడే ఖర్చుని సరుకున్న వాళ్లందరూ పంచుకోవాలి. 2021లో సూయెజ్ కాలువలో ఎవర్ గివెన్ ఇరుక్కున్నప్పుడు అదే జరిగింది. ఇన్సూరెన్స్ లేనివాళ్లు డిపాజిట్ కట్టనిదే సరుకు విడిపించుకోలేరు. 2022లో ఫెలిసిటీ ఏస్ అనే ఓడ దాదాపు 4,000 కార్లతో అట్లాంటిక్‌లో మునిగింది. పాలసీ విలువని, కారు చేరే దేశంలో అలాంటిది మళ్లీ కొనే ధరకి పెట్టించండి.

9. కారుని సిద్ధం చేయడం

- ట్యాంకులో పావు వంతుకి మించి ఇంధనం వద్దు. విద్యుత్ కారుకి ఛార్జి ఎంత ఉండాలో షిప్పింగ్ లైన్ చెప్పిన శాతమే పాటించండి.
- ఫాస్టాగ్, సాలిక్, ఈజీపాస్ ట్యాగులు పీకేయండి. ట్రైలర్ మీద వెళ్తున్నా టోల్ మీ ఖాతాలో పడుతుంది.
- అలారం ఆపండి. రెండో తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి.
- చక్రాల పైనున్న లోపలి ప్లాస్టిక్ వెనకా, వైపర్ల కింద ఆకులు చేరే గాడిలో, డిక్కీలో స్టెప్నీ గుంటలో, సీట్ల పట్టాల సందుల్లో మట్టి ఉందేమో చూడండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తనిఖీదారులు టార్చి వేసి చూసేవి ఇవే. గింజో ఎండుగడ్డో దొరికితే మళ్లీ కడిగించే బిల్లు మీదే. డిక్కీలో ఆవకాయ జాడీ దాచి పంపే ఆలోచన ఉంటే మానుకోండి.
- కడిగాక, ఎండిన కారుని పగటి వెలుగులో నాలుగు వైపులా, పైకప్పు, నాలుగు చక్రాల రిమ్ములు, ముందు అద్దం, ఓడోమీటర్ అంకె ఫొటోలు తీయండి. తడి కారు మీద గీతలు కనబడవు.

10. దించుకునే రోజు

కారు చూడకుండా రసీదు మీద సంతకం పెట్టకండి. "తర్వాత రాసుకోవచ్చు సార్" అంటే వినకండి, ఒకసారి బాగుందని సంతకం పడితే క్లెయిమ్ కష్టం. మీ ఫొటోలు ఫోన్‌లో తెరిచి ఒక్కో వైపు పోల్చండి. బంపర్ల కింది అంచు, టోయింగ్ హుక్కు బిగించే చోటు, రిమ్ములు ముందు చూడండి, దెబ్బలు ఎక్కువ అక్కడే తగులుతాయి. ఓడోమీటర్ పదో పరకో కిలోమీటర్లు పెరగడం మామూలే, వందల్లో పెరిగితే రాయించండి. కనబడ్డ ప్రతి దెబ్బనీ రసీదు మీదే రాసి, అక్కడి మనిషితో సంతకం చేయించి, అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి.

నెలకి పైగా కదలని బండి కాబట్టి టైర్లలో గాలి, బ్యాటరీ చూసుకోండి. మొదటి కొద్ది దూరం బ్రేకు వేస్తే కీచుమనడం డిస్కుల మీద పట్టిన తుప్పు వల్ల, నాలుగైదు బ్రేకులకి పోతుంది. పోకపోతే మెకానిక్‌కి చూపించాకే హైవే ఎక్కండి. ఆ దేశపు ఇన్సూరెన్స్, తాత్కాలిక రిజిస్ట్రేషన్ చేతిలో లేకుండా రేవు గేటు దాటొద్దు. అవి రాలేదంటే ట్రైలర్ మీదే ఇంటికి పంపించండి.